ఆటలో అరటిపండు: వార్‌క్రాఫ్ట్ డ్రూయిడ్ మీద ఇరవయ్యేళ్ళుగా ఈ గొడవ ఎందుకు?

2019 ఆగస్టులో బ్లిజార్డ్ కంపెనీ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే తన ఆన్‌లైన్ ఆట పాత రూపాన్ని 'క్లాసిక్' పేరుతో మళ్ళీ తెరిచింది. తొలి రోజుల్లో ఆట ఎలా ఉండేదో దాదాపు అలాగే. ఆటతో పాటు అప్పటి గొడవలు కూడా అటక మీంచి కిందికి దిగాయి. 2024 నవంబరులో ఆటకి ఇరవయ్యేళ్ళు నిండాయని మళ్ళీ కొత్తగా క్లాసిక్ సర్వర్లు పెడితే మళ్ళీ అదే వరస. వాటిలో బాగా ముదిరిన గొడవ ఒకటుంది: డ్రూయిడ్‌ని యుద్ధానికి వెంటబెట్టుకెళ్ళాలా, వద్దా?

డ్రూయిడ్ అంటే ఆ ఆటలో ప్రకృతిని కాపాడే మాంత్రికుడు. కావాలంటే ఎలుగుబంటి అవుతాడు, కాసేపటికి పెద్దపులి సైజు పిల్లి అవుతాడు, నీళ్ళలో దిగితే సీలయన్ అవుతాడు. గాయపడ్డవాళ్ళకి వైద్యం చేస్తాడు, చచ్చినవాణ్ణి యుద్ధం మధ్యలో లేపుతాడు. వింటుంటే ఇంతకంటే మొనగాడు ఉండడనిపిస్తుంది. పాత ఆటగాళ్ళని అడిగితే మాత్రం ముందు నవ్వుతారు, తర్వాత మాట్లాడతారు. ఆ నవ్వు వెనక నిజంగానే ఒక చిక్కు లెక్క ఉంది.

ముందు కొన్ని మాటలు

క్లాస్ అంటే మీ పాత్రకి మొదట్లోనే మీరు ఎంచుకునే వృత్తి. యోధుడు, మాంత్రికుడు, దొంగ, పూజారి, ఇలా 2004లో తొమ్మిది ఉండేవి. ఒకసారి ఎంచుకుంటే ఆ పాత్రకి అదే ఖాయం. రైడ్ అంటే పెద్ద గుంపుగా వెళ్ళి భారీ శత్రువుని కొట్టడం. అప్పట్లో ఆ గుంపు నలభై మంది. గుంపులో పనులు మూడే. దెబ్బలు తనమీద వేసుకునేవాడు ట్యాంక్, గాయాలు మాన్పేవాడు హీలర్, ఇక మిగిలినవాళ్ళంతా శత్రువుని కొట్టేవాళ్ళు. ఈ మూడోవాళ్ళని డీపీఎస్ అంటారు, అంటే సెకనుకి ఎంత దెబ్బ కొట్టారన్న లెక్క మీద బతికేవాళ్ళు.

దొంగ క్లాస్ ఒక్క డీపీఎస్ పనే చేస్తుంది. అలాంటివాటిని 'ప్యూర్' క్లాసులంటారు. రెండు మూడు పనులు చేయగలిగేవి 'హైబ్రిడ్'. డ్రూయిడ్ మూడు పనులూ చేస్తాడు. పైగా కొట్టడంలోనే రెండు రకాలు: పిల్లిలా మీదపడి కొట్టొచ్చు, లేదా గుడ్లగూబకీ ఎలుగుబంటికీ పుట్టినట్టుండే 'మూన్‌కిన్' రూపంలో దూరంనుంచి మంత్రాలు విసరొచ్చు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. క్రికెట్‌లో ఆల్‌రౌండర్ని ఆరో బ్యాట్స్‌మన్‌గా చూడాలా, ఐదో బౌలర్‌గా చూడాలా అని సెలెక్టర్లు తల పట్టుకుంటారే, సరిగ్గా అదే. డ్రూయిడ్ కొట్టడంలో దొంగతో సమానమైతే, వేరే ఏ పనీ చేతకాని దొంగని ఎవరు తీసుకుంటారు? తక్కువైతే, డ్రూయిడ్‌ని ఎవరు పిలుస్తారు? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆట తయారుచేసినవాళ్ళు ఇరవయ్యేళ్ళుగా ఈ రెండిటి మధ్యే ఊగుతున్నారు.

పన్ను కట్టని పూజారులు

అసలు డ్రూయిడ్లు ఐరోపాలో పాతకాలపు కెల్టిక్ జాతుల పూజారులు. వాళ్ళ గురించి రాసినవాళ్ళలో జూలియస్ సీజర్ ఒకడు. గాల్ ప్రాంతంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు, డ్రూయిడ్లు పూజలు చేయిస్తారని, తగాదాలు తీరుస్తారని, చదువుకి ఒక్కొక్కరు ఇరవయ్యేళ్ళ దాకా పెడతారని రాశాడు. ఇంకో మాట కూడా రాశాడు: వాళ్ళు యుద్ధానికి వెళ్ళరు, పన్నులు కట్టరు. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

అక్కణ్ణించి బల్లమీద ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి 1976లో ఆటగాళ్ళు ఎంచుకోగల క్లాస్‌గా వచ్చాడు. జంతువుగా మారడం అక్కడే అంటుకుంది. లోహపు కవచం తొడగకూడదన్న నియమం కూడా అక్కడిదే. లోహపు కత్తి మాత్రం పట్టుకోవచ్చట. ఆ నియమంలో తర్కం ఏమిటని అడిగినవాళ్ళకి ఇప్పటిదాకా ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. 2002లో వచ్చిన మూడో వార్‌క్రాఫ్ట్‌లో ఎలుగుబంటిగా మారే డ్రూయిడ్లు, కాకిగా మారే డ్రూయిడ్లు సైన్యంలో భాగం. నెట్ సెంటర్లలో డోటా ఆడినవాళ్ళకి చెట్లని సైనికులుగా లేపే ఫ్యూరియన్ గుర్తుండే ఉంటాడు. ఆ పేరు వార్‌క్రాఫ్ట్ కథలోని డ్రూయిడ్ల పెద్ద మాల్‌ఫ్యూరియన్ నుంచి వచ్చిందే.

ఒంటిమీద తోలు, సంచిలో మూలికలు

వార్‌క్రాఫ్ట్‌లో కూడా డ్రూయిడ్ ఇనుము వేసుకోడు. మరేం వేసుకుంటాడు? తోలు. అడవి జంతువుల్ని కాపాడాల్సినవాడి ఒంటిమీద తల నుంచి కాలిదాకా వాటి చర్మమే. ఆ తోలు సామాను సొంతంగా కుట్టుకోవాలంటే చర్మం ఒలిచే పని కూడా నేర్చుకోవడం లాభం. పొద్దున్న అడవితల్లికి దండం పెట్టి, మధ్యాహ్నానికి ఒక యాభై తోడేళ్ళని ఒలిచి, సాయంత్రానికి చర్మాలు సంతలో అమ్మే డ్రూయిడ్లు కోకొల్లలు. మూలికలు పీకేవాళ్ళు ఇంకో రకం. మొదట్లో డ్రూయిడ్లు కాగలిగిన జాతులు రెండే, నైట్ ఎల్ఫ్‌లు, టారెన్లు. ఎద్దు తలతో ఉండే టారెన్లకి పుట్టుకతోనే మూలికల పనిలో 15 పాయింట్లు ఎక్కువ. ఎద్దుకి పచ్చిక ఎక్కడుందో ఒకరు చెప్పాలా!

ఇంత కష్టపడి సంపాదించిన తోలు కవచం ఎవరికీ కనిపించదు. ఎలుగుబంటిగా మారితే కనిపించేది ఎలుగుబంటే. నలభై మంది నెలల తరబడి కొట్లాడి గెలిచిన బంగారు అంచుల భుజకవచం బొచ్చు కింద ఎక్కడో ఉంటుంది. 2009లో జుట్టు రంగునో ఒంటిరంగునో బట్టి జంతువు రంగు మారే ఏర్పాటు చేసేదాకా ఒక జాతి ఎలుగుబంట్లన్నీ ఒకేలా ఉండేవి.

మట్టి లేకపోతే మంత్రం పారదు

మొదటి రోజుల నియమాలు ఇంకా సరదాగా ఉండేవి. వేళ్ళతో శత్రువు కాళ్ళు కట్టేసే మంత్రం డ్రూయిడ్‌కి ముఖ్యమైన ఆయుధం. అది ఆరుబయట మాత్రమే పనిచేసేది. కట్టడాల లోపల మట్టి ఉండదు కాబట్టి వేళ్ళు మొలవవు. తర్కం బాగానే ఉంది, కానీ ఆటలో అసలు యుద్ధాలు జరిగేది ఎక్కువగా గుహల్లో, కోటల్లో. వేగంగా పరిగెత్తే చిరుత రూపానికీ అదే షరతు. మన పురాణాల్లో మారీచుడు బంగారు జింకగా మారినప్పుడు ఆరుబయటా లోపలా అని ఎవరూ అడ్డుపెట్టలేదు.

జంతు రూపంలో ఉన్నప్పుడు ప్రాణం నింపే మందు సీసా తాగడం కుదిరేది కాదు, దుకాణదారుతో మాట్లాడటం కుదిరేది కాదు. రెండోది అర్థం చేసుకోవచ్చు. మొదటిది మాత్రం ప్రాణాంతకం. ఎలుగుబంటి రూపంలో రాక్షసుడి ముందు నిలబడ్డ ట్యాంక్‌కి ప్రాణం పోయేలా ఉంది, సంచిలో మందు ఉంది. తాగాలంటే మనిషి అవ్వాలి. మనిషి అయితే ఎలుగుబంటి తోలుమందం పోతుంది, ఒక్క దెబ్బకే కథ ముగుస్తుంది. మందు చేతిలో ఉండగానే పోతాడు.

ఇక పునర్జన్మ మంత్రం. అప్పట్లో యుద్ధం మధ్యలో చచ్చినవాణ్ణి లేపగలిగింది దాదాపు డ్రూయిడ్ ఒక్కడే, నిజంగానే గొప్ప శక్తి. కానీ ఒకసారి వాడితే మళ్ళీ అరగంటకి గానీ కుదిరేది కాదు. దానికి ప్రతిసారీ దుకాణంలో కొన్న ఒక విత్తనం ఖర్చు. పూజారి దగ్గర యుద్ధం అయిపోయాక తీరిగ్గా అందర్నీ లేపే మామూలు మంత్రం ఉండేది. డ్రూయిడ్‌కి 2008లో రెండో విస్తరణ, అంటే ఆటకి కొత్తగా జోడించిన పెద్ద భాగం, సమయం దాకా అది లేదు. ఇప్పుడు లెక్క వేయండి. ఐదుగురి బృందం, హీలర్ డ్రూయిడ్, నలుగురూ పోయారు, డ్రూయిడ్ పిల్లిగా మారి నక్కి బతికాడు. మొదటివాణ్ణి వెంటనే లేపుతాడు. రెండోవాడికి 30 నిమిషాలు, మూడోవాడికి 60, నాలుగోవాడికి 90. ఆ మిగతా ముగ్గురూ దెయ్యాల రూపంలో శ్మశానం నుంచి నడుచుకుంటూ కొన్ని నిమిషాల్లో వచ్చేయగలరు కాబట్టి డ్రూయిడ్ చేసేదేమంటే, దారి చూపించి కూర్చోవడం.

పిల్లికి గద ఎందుకు

క్లాసిక్‌లో అందరికంటే ఎక్కువ వెక్కిరింతలు పడేది పిల్లి డ్రూయిడే. 'పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు' అన్న సామెత రైడ్ లీడర్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. పట్టుదల ఉన్న పిల్లి డ్రూయిడ్లు దాన్ని ఎలా ఎదుర్కొన్నారో చూస్తే మాత్రం వెక్కిరించబుద్ధి కాదు.

పిల్లి రూపంలో దెబ్బకి కావలసింది ఎనర్జీ. గరిష్ఠం 100, ప్రతి 2 సెకన్లకి 20 చొప్పున నిండుతుంది. వెనకనుంచి చీల్చే ముఖ్యమైన దెబ్బకి మామూలుగా 60 ఖర్చు. మీ దగ్గర 10 మిగిలిందనుకోండి. ఇంకో 50 కావాలి, అంటే మూడు విడతలు, 6 సెకన్లు ఖాళీగా నిలబడాలి. ఇక్కడే ఒక కిటుకు కనిపెట్టారు. పిల్లి రూపం వదిలేసి వెంటనే మళ్ళీ పిల్లి అయితే, ఒక నైపుణ్యం వల్ల 40 ఎనర్జీ ఊరికే వస్తుంది. తోడేలు తలలా ఉండే ఒక తోలు టోపీ పెట్టుకుంటే మరో 20. మొత్తం 60. పాత 10 పోతే పోయింది, 6 సెకన్ల పని రెప్పపాటులో అయింది. రూపం మారిన ప్రతిసారీ మానా, అంటే మంత్రాలకి వాడే శక్తి, ఖర్చవుతుంది కాబట్టి అది అయిపోయేదాకా ఈ ఆట సాగుతుంది. దీన్నే పవర్‌షిఫ్టింగ్ అంటారు. బయటినుంచి చూసేవాళ్ళకి ఒక జీవి రాక్షసుడి వీపు వెనక మినుకుమినుకుమంటూ పిల్లి, మనిషి, పిల్లి, మనిషి అవుతుంటే కరెంటు హెచ్చుతగ్గులేమో అనిపిస్తుంది.

ఆ టోపీ 40వ స్థాయిది. ఆటలో గరిష్ఠ స్థాయి 60. తోటివాళ్ళంతా డ్రాగన్లని చంపి తెచ్చిన కిరీటాలు పెట్టుకుంటే, పిల్లి మాత్రం చివరిదాకా అదే పాత టోపీతో.

గద సంగతి ఇంకా గమ్మత్తు. పిల్లి రూపంలో చేతిలోని ఆయుధం ఎంత పదునైనదన్నది అసలు లెక్కలోకి రాదు, పంజాయే కొడుతుంది. అందుకని మంచి కత్తి దొరికినా దండగే. కానీ నోమెరెగన్ అనే శత్రువుల స్థావరంలో, ముప్పైల స్థాయివాళ్ళు ఆడుకునే చోట, ఒక యంత్ర రాక్షసుడి దగ్గర ఒక గద దొరుకుతుంది. దాన్ని వాడితే 30 సెకన్లపాటు కొట్టే వేగం 50 శాతం పెరుగుతుంది. ఆ వేగం పంజాకి కూడా వర్తిస్తుంది! ఒక్కో గదకి మూడుసార్లే, ఆ తర్వాత అది ఉత్త ఇనుప ముక్క. మూడు ముప్పైలు 90 సెకన్లు. ఆరు నిమిషాలు పట్టే యుద్ధమంతా ఆ వేగం కావాలంటే 360ని 90తో భాగించండి, నాలుగు గదలు. అదీ ఒక్క యుద్ధానికి. అలాంటివి రాత్రికి ఏడెనిమిది ఉంటే?

అందుకని రైడ్ ముందు రోజుల్లో పిల్లి డ్రూయిడ్లు వెళ్ళేది నోమెరెగన్‌కే. అది విషవాయువులతో, పళ్ళచక్రాలతో, పిచ్చెక్కిన యంత్రాలతో నిండిన పాడుబడ్డ నగరం. మొత్తం ఆటలో ప్రకృతికి అంతకంటే దూరమైన చోటు నాకు తెలిసి లేదు. ప్రకృతి రక్షకుడు అక్కడికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, అదే యంత్రాన్ని మళ్ళీ మళ్ళీ పగలగొట్టి, సంచినిండా గదలు ఏరుకొస్తాడు. పంజాతో కొట్టడానికి.

ఇంత చేసినా నిండా మనసుతో పిలిచేవాళ్ళు తక్కువే. అప్పటి రైడ్లలో డ్రూయిడ్ల కోసం పెట్టిన రెండో శ్రేణి కవచాల సెట్ 'స్టార్మ్‌రేజ్' వైద్యానికే పనికొచ్చేది. పిల్లికీ ఎలుగుబంటికీ అందులో ఏమీ లేదు. డ్రూయిడ్ అంటే హీలరేనన్నది కంపెనీయే తేల్చేసినట్టు. మూన్‌కిన్‌కి అయితే ముద్దుపేరే మానా నిండుకోవడం మీద పెట్టారు: ఊమ్‌కిన్. 'ఊమ్' అంటే ఆటగాళ్ళ భాషలో మానా ఖాళీ అని.

చెట్టయినా చిరాకే

2007 నాటి మొదటి విస్తరణతో హీలర్ డ్రూయిడ్లకి చెట్టుగా మారే వరం దొరికింది. ఆకులూ కొమ్మలూ ఉన్న నడిచే చెట్టు. చెట్టుగా ఉన్నంతసేపూ వైద్యానికి బలం వచ్చేది, కానీ పెద్ద వైద్య మంత్రం ఒకటి వాడటం కుదిరేది కాదు, మొదట్లో నడక కూడా 20 శాతం నెమ్మదించేది. చెట్టు నడవడమే ఎక్కువ, ఇంకా వేగం కూడానా అనుకున్నారేమో. మంటలు తొక్కకుండా పక్కకి పరిగెత్తాల్సిన చోట ఇది మంచి హాస్యం.

2010లో మూడో విస్తరణతో దాన్ని శాశ్వత రూపం కాకుండా, అవసరమైనప్పుడు కాసేపు మాత్రమే వాడుకునేలా మార్చారు. మిగతా హీలర్లు ఏమీ వదులుకోకుండా చేసే పనికి డ్రూయిడ్ మాత్రం ఇన్ని శక్తులు వదులుకోవడం న్యాయం కాదన్నది తయారీదారులు చెప్పిన కారణం. మాట సబబే. నెమ్మదైన నడక గురించీ, కవచం కనిపించకపోవడం గురించీ ఏళ్ళ తరబడి సణిగినవాళ్ళే మా చెట్టు మాకు కావాలని గోల పెట్టారు. 2012లో కేవలం చూడటానికి చెట్టులా కనిపించే ఏర్పాటు ఒకటి ఇచ్చారు. దాంతో బలమేమీ రాదు. జనం ఆనందంగా వాడారు.

హైబ్రిడ్ పన్ను

ఇప్పుడు అసలు తగాదాకి వద్దాం. సీజర్ డ్రూయిడ్లు పన్ను కట్టరన్నాడు కదా. వార్‌క్రాఫ్ట్ డ్రూయిడ్లు కడతారు. పలు పనులు చేయగల క్లాస్ కొట్టే దెబ్బ, ఒకే పని చేసే క్లాస్ కంటే కాస్త తక్కువ ఉండాలన్న పద్ధతిని ఆటగాళ్ళు 'హైబ్రిడ్ పన్ను' అంటారు.

పన్ను ఉండాలనేవాళ్ళది సూటి వాదన. దొంగకి ఉన్నది ఒక్క పనే. అందులో కూడా మొదటివాడు కాకపోతే అతనికి ఆటలో చోటేది? డ్రూయిడ్‌కి ట్యాంక్‌గా చోటు దొరక్కపోతే హీలర్‌గా, అదీ కాకపోతే ఇంకోలా దూరిపోగలడు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు? పైగా రైడ్ బయట డ్రూయిడ్ రాజే. జంతు రూపంలో ఉన్నవాణ్ణి గొర్రెగా మార్చే మంత్రం పట్టదు, రూపం మారితే కాళ్ళకున్న కట్లు తెగిపోతాయి. జెండా ఎత్తుకుని పారిపోయే ఆటల్లో అతన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఓడిపోయినవాళ్ళని అడగాలి.

పన్ను వద్దనేవాళ్ళు ఇలా అంటారు: పిల్లి సామానుతో యుద్ధంలోకి దిగినవాడు ఆ ఆరు నిమిషాలూ పిల్లే. మధ్యలో వైద్యం చేయగలడు గానీ, ఆ సామానుతో చేసే వైద్యం తడిగుడ్డ వేసినంత. వాడని శక్తికి పన్నెందుకు కట్టాలి?

మధ్యేమార్గం ఒకటుంది, దాన్ని అంకెల్లో చూద్దాం. ఊరికే ఊహించుకున్న అంకెలే. దొంగ సెకనుకి 100 కొడతాడు, పిల్లి 90. కానీ పిల్లి ఉన్న ఐదుగురి జట్టులో అందరూ మరింత గట్టి దెబ్బ కొట్టగలిగే అవకాశం 3 శాతం పెరుగుతుంది. మిగతా నలుగురూ తలా 100 కొట్టేవాళ్ళే అనుకుంటే, ఆ 3 శాతం వల్ల ఒక్కొక్కరికి స్థూలంగా రెండున్నర కలుస్తుంది. నలుగురికి కలిపి 10. తొంభైకి పది కలిపితే వంద. పిల్లి, దొంగ సమానం. కాగితం మీద ఇది చక్కగా కుదిరింది. కానీ యుద్ధం అయ్యాక ఎవరెంత కొట్టారో చూపే పట్టికలో పిల్లి పేరు పక్కన 90 అనే ఉంటుంది. ఆ పది మిగతా నలుగురి ఖాతాలో పడిపోయి ఉంటుంది. పట్టికలో అట్టడుగున ఉన్నవాణ్ణి చూసి నవ్వేవాళ్ళలో ఎక్కువమంది ఆ రెండున్నర జేబులో వేసుకున్నవాళ్ళే.

నాకు మాత్రం పన్ను వద్దనేవాళ్ళ మాటే సబబనిపిస్తుంది. కానీ పూర్తిగా సమానం చేశాక కొత్త తలనొప్పి వచ్చిందన్నది కూడా నిజమే. 2008 నుంచి తయారీదారులు 'క్లాస్‌ని కాదు, ఆటగాణ్ణి తీసుకురండి' అన్న సూత్రం పట్టుకుని ఒకరికే ఉన్న వరాలని పలువురికి పంచారు. ఎవరైనా ఒకటే అయ్యేసరికి, ఇక నా క్లాస్‌కి ప్రత్యేకత ఏముందని అన్నివైపుల నుంచీ మొదలైంది. 2012లో పిల్లినీ ఎలుగుబంటినీ విడదీసి వేర్వేరు విభాగాలు చేశారు. దాంతో నాలుగు విభాగాలున్న ఏకైక క్లాస్ డ్రూయిడే అయ్యాడు. ఒకే సామానుతో అటూ ఇటూ మారే పాతకాలపు వెసులుబాటు మాత్రం చాలావరకు పోయింది.

మూడు శాతం విలువ

క్లాసిక్ కాని, ఇప్పటి కొత్త ఆటలో డ్రూయిడ్ పరిస్థితి వేరు. అందరికీ బలమిచ్చే అతని పాత మంత్రాన్ని మధ్యలో తీసేసి, 2022 నవంబరులో వచ్చిన విస్తరణతో తిరిగి ఇచ్చారు. అది వేస్తే గుంపు మొత్తానికి వర్సటిలిటీ 3 శాతం పెరుగుతుంది, అంటే కొట్టే దెబ్బా చేసే వైద్యమూ కాస్త పెరిగి, తగిలే దెబ్బ కాస్త తగ్గుతుంది. ఇరవై మంది గుంపుకి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి డ్రూయిడ్‌ని తీసుకెళ్ళాలా అన్న ప్రశ్న ఇప్పుడు రాదు. ఒకణ్ణి తీసుకెళ్ళాల్సిందే. పిల్లయినా, ఎలుగైనా, గుడ్లగూబైనా, గుంపులో ఒక డ్రూయిడ్ ఉంటే చాలు.

ఆ మంత్రం ఇద్దరు వేస్తే రెండింతలు కాదు. అందుకని గుంపులో చేరతానని రెండో డ్రూయిడ్ వచ్చినప్పుడు మాత్రం రైడ్ లీడర్ తల గోక్కుంటాడు: "నువ్వు దొంగకంటే ఎక్కువ కొడతావా?"